ఎగరడం కాదు, దిగడం చూడండి: మోకాలి టెండన్ దెబ్బతింటే కాలి కదలికలో వచ్చే మార్పులు

మోకాలి చిప్ప కింద నొప్పి అంటున్న వాలీబాల్ ఆటగాడు ఎంత ఎత్తు ఎగురుతున్నాడో చూసి, ఎత్తు తగ్గలేదు కదా, ఆడించెయ్యొచ్చు అనుకునే కోచ్‌లు చాలామంది. టెండన్ (కండరాన్ని ఎముకకు అతికించే గట్టి పట్టీ) విషయంలో ఈ లెక్క తరచూ తప్పుతుంది. ఎగిరేటప్పుడు తుంటి, పిక్క కలిసి మోకాలి పనిలో కొంత మోసేస్తాయి, అందుకే ఎత్తు దాదాపు నిలబడుతుంది. పైగా ‘జంపర్స్ నీ’ అని పిలిచే ఈ టెండన్ జబ్బు బాగా ఎగిరేవాళ్ళకే ఎక్కువగా వస్తుందని వాలీబాల్ ఆటగాళ్ళ మీద చేసిన అధ్యయనాల్లో తేలింది. పరిశోధకులు దీనికి ‘జంపర్స్ నీ పారడాక్స్’ అని పేరు కూడా పెట్టారు. అంటే దెబ్బతిన్న మోకాలు ఉన్నవాడే జట్టులో అందరికంటే ఎత్తు ఎగురుతూ ఉండొచ్చు. తేడా తెలియాలంటే అతను నేలకు దిగేటప్పుడు చూడాలి.

మోకాలి దగ్గర ఏది ఎక్కడుందో ముందు చూద్దాం. తొడ ముందువైపు నాలుగు కండరాలు, అంటే క్వాడ్రిసెప్స్, కలిసి ఒకే టెండన్‌గా మారి చిప్ప పై అంచుకు అతుక్కుంటాయి. చిప్ప కింది కొస నుంచి, మోకాలి కింద చేతికి గట్టిగా తగిలే ఎముక బుడిపె దాకా ఉండేది పటెల్లార్ టెండన్. పొడవు సుమారు 4 నుంచి 5 సెంటీమీటర్లు. రెండు ఎముకల మధ్య ఉంది కాబట్టి కొన్ని పుస్తకాలు దీన్ని లిగమెంట్ అంటాయి, కానీ చేసే పని టెండన్‌దే: తొడ కండరం లాగిన బలాన్ని కింది కాలికి అందిస్తుంది. మధ్యలో చిప్ప బావి మీది కప్పీలాంటిది. టెండన్‌ను కీలు నుంచి కాస్త ముందుకు నెట్టి పట్టుకోవడం వల్ల, అదే కండర బలంతో కాలు ఇంకా గట్టిగా చాచుకుంటుంది.

ఈ టెండన్‌ను తాడు అనుకుంటే సగమే అర్థమైనట్టు. అది స్ప్రింగ్ కూడా. మోకాలు వంచి దిగగానే సాగుతుంది, శక్తి నిలవ చేసుకుంటుంది, మరుక్షణం తిరిగి ఎగిరేటప్పుడు ఆ శక్తిని విడిచిపెడుతుంది. ఈ సాగడం, విడవడం ఎంత వేగంగా జరిగితే టెండన్ మీద భారం అంత ఎక్కువ. అందుకే బరువు పెట్టి మెల్లగా చేసే స్క్వాట్ (గుంజీలా మోకాళ్ళు వంచి దిగి లేవడం) కంటే, ఏ బరువూ లేకుండా ఎగిరి దిగడమే టెండన్‌కు కష్టం. దూకి దిగేటప్పుడు దీని మీద పడే లాగుడు శరీర బరువుకు 5 రెట్లు దాటుతుంది. ఒక వెయిట్‌లిఫ్టర్‌కు పోటీలోనే ఈ టెండన్ తెగిపోయినప్పటి చిత్రాలను విశ్లేషించి 1977లో ప్రచురించిన పరిశోధన, తెగిన క్షణంలో దాని మీద శరీర బరువుకు 17 రెట్లకు పైగా లాగుడు ఉందని లెక్కగట్టింది. ఆరోగ్యమైన టెండన్ బలం అంతటిది. ఆటగాళ్ళలో కనిపించే దెబ్బల్లో ఎక్కువ భాగం ఒక్క దెబ్బతో వచ్చినవి కావు, కోలుకునే వ్యవధి ఇవ్వకుండా వేలసార్లు దిగడం వల్ల వచ్చినవి.

దీన్ని చాలాకాలం ‘టెండినైటిస్’ అన్నారు, అంటే వాపు జబ్బు అని. ఇప్పుడు వాడే మాట టెండినోపతి. దెబ్బతిన్న చోట, మామూలుగా ఒకే వరుసలో ఉండే కొలాజెన్ పోగులు చిందరవందర అవుతాయి, నీటిని పట్టి ఉంచే ప్రొటీన్లు పెరుగుతాయి, టెండన్ లావెక్కుతుంది, లేని చోట కొత్త రక్తనాళాలు పుడతాయి. ఇది ఎక్కువగా చిప్ప కింది కొసకు ఆనుకుని, టెండన్ లోపలి వైపు పొరల్లో జరుగుతుంది. పేరు మారడం వల్ల ఏం ఒరిగింది అనుకోకండి. వాపే అసలు జబ్బు అయితే ఐసు, మాత్రలు, విశ్రాంతి సరిపోవాలి. పోగుల అమరికే దెబ్బతిన్నప్పుడు వాటితో పని జరగదు.

నొప్పికి ఒక గుర్తింపు ఉంది. ఆటగాడు ఒక్క వేలితో చూపించగలడు: చిప్ప కింది కొస, అంతే. భారం పెరిగేకొద్దీ నొప్పి పెరుగుతుంది. రెండు కాళ్ళ స్క్వాట్‌లో పదికి 2 అయితే ఒంటికాలి స్క్వాట్‌లో 4, దూకితే 6, అలా. ఒళ్ళు వేడెక్కగానే తగ్గిపోతుంది, మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు వడ్డీతో సహా వసూలు చేస్తుంది. ఈ మధ్యలో తగ్గడమే చాలామందిని మోసం చేసేది. చిప్ప చుట్టూ ఎక్కడో అస్పష్టంగా నొప్పి, సైకిల్ తొక్కినా నొప్పి అంటే టెండన్ కాకుండా చిప్ప వెనక కీలు సమస్యను అనుమానించాలి. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లల్లో నొప్పి కింది ఎముక బుడిపె మీద ఉంటే అది ఎక్కువగా ఎదిగే ఎముక సమస్య, ఆస్‌గుడ్ ష్లాటర్. పెద్దవాళ్ళ వ్యాయామ ప్రణాళికను వాళ్ళకు అంటగట్టకూడదు.

ఇక కదలిక. నొప్పి ఉన్న టెండన్‌ను కాపాడుకోవడానికి శరీరం అడక్కుండానే దారులు వెతుక్కుంటుంది. అందరూ ఒకే దారి పట్టరు.

మొదటిది బిరుసుగా దిగడం. మోకాలు ఎంత వంగితే తొడ కండరం అంత లాగాలి, టెండన్ అంత సాగాలి. కాబట్టి ఆటగాడు తెలియకుండానే మోకాలు తక్కువ వంచి, కాలు దాదాపు కర్రలా పెట్టి దిగుతాడు. ఆ క్షణానికి నొప్పి తగ్గుతుంది. కానీ అదే వేగాన్ని ఇప్పుడు ఇంకా తక్కువ సమయంలో ఆపాలి, కాబట్టి కుదుపు పెరుగుతుంది. చప్పుడు విన్నా తెలుస్తుంది. మంచి మోకాలితో దిగితే ‘తప్’ అని మెత్తగా వినిపించేది, ఇక్కడ ‘ధన్’ మంటుంది. పక్క నుంచి వీడియో తీస్తే పాదం నేలను తాకిన క్షణానికీ, మోకాలు బాగా వంగిన క్షణానికీ మధ్య ఉండే కోణం తేడా తగ్గిందని కనబడుతుంది. ఫోన్ స్లో మోషన్ చాలు, ల్యాబ్ అక్కర్లేదు.

రెండోది భారాన్ని తుంటికి అప్పగించడం. నడుము దగ్గర ముందుకు వంగి దిగితే పిరుదులు, తొడ వెనక కండరాలు ఎక్కువ పని చేస్తాయి, పటెల్లార్ టెండన్ మీద లాగుడు తగ్గుతుంది. ఇది చెడ్డ పద్ధతి కాదు, నొప్పి రోజుల్లో కావాలనే నేర్పించొచ్చు కూడా. చిక్కు ఎక్కడంటే, నెలల తరబడి ఇలాగే దిగితే తొడ ముందు కండరం సన్నబడుతుంది. రెండు తొడలనూ చిప్పకు 10 సెంటీమీటర్ల పైన టేపుతో కొలిస్తే ఒకటి, రెండు సెంటీమీటర్ల తేడా కనిపించడం అరుదేమీ కాదు.

మూడోది బరువు రెండో కాలి మీదికి జరపడం. రెండు కాళ్ళ స్క్వాట్‌లో నడుము ఒక పక్కకు జారుతుంది. బార్ మీద 100 కిలోలు ఉన్నా నొప్పి కాలు తన సగం వాటా మోయకుండా ఎంతో కొంత తప్పించుకుంటుంది. అందుకే ఈ దెబ్బకు చేసే వ్యాయామం కొంతైనా ఒంటికాలితో ఉండి తీరాలి. రెండు కాళ్ళ వ్యాయామంలో మంచి కాలు ఎప్పుడూ మొహమాటపడి సాయం చేస్తూనే ఉంటుంది.

ఆగడం గురించి విడిగా చెప్పాలి. వేగంగా పరిగెత్తి ఒక్కసారిగా ఆగి పైకి ఎగరడం, వాలీబాల్ స్పైక్‌లోనూ బాస్కెట్‌బాల్‌లోనూ జరిగేది ఇదే. ఇక్కడ శరీరం ముందుకు పోతున్న వేగాన్ని మోకాలు అడ్డుకోవాలి. నిలువునా దిగడం కంటే ఈ అడ్డుకునే అడుగులోనే టెండన్ మీద భారం ఎక్కువ. దెబ్బతిన్న ఆటగాడు ఏం చేస్తాడంటే, ఆ చివరి పెద్ద అడుగును రెండు చిన్న అడుగులుగా విడగొడతాడు. ఆట చూసేవాళ్ళకు ‘కాస్త నిదానించాడు’ అనిపిస్తుంది. నిజానికి బ్రేకు వేసే పనిని రెండుగా పంచుకున్నాడు. నిలకడైన వేగంతో తిన్నగా పరిగెత్తితే చాలామందికి నొప్పే ఉండదు. అందుకే ‘పరిగెత్తగలుగుతున్నాడు కదా’ అన్నది పరీక్ష కాదు.

మెదడు పాత్రను చాలామంది వదిలేస్తారు. నొప్పి ఉన్నంతకాలం తొడ కండరానికి వెళ్ళే ఆదేశాన్ని మెదడు కొంత బిగపడుతుంది. కండరంలో బలం ఉన్నా పూర్తిగా బయటికి రాదు. 2015లో కొద్దిమంది వాలీబాల్ ఆటగాళ్ళ మీద చేసిన ప్రయోగంలో, కదలకుండా బిగించి పట్టే వ్యాయామం ఒక్కసారి చేయించగానే నొప్పి బాగా తగ్గింది, ఆ ఫలితం కనీసం 45 నిమిషాలు నిలిచింది, ఆ బిగింపు సడలి కండర బలం కూడా పెరిగింది. తర్వాతి అధ్యయనాల్లో అందరికీ అంత గొప్పగా రాలేదు. అయినా చవకైన, ప్రమాదం లేని పద్ధతి కాబట్టి ముందు దీన్నే ప్రయత్నించాలన్నది నా పక్షం.

మడమ వైపు కూడా చూడాలి. దిగేటప్పుడు ముందుగా కుదుపును మింగేది చీలమండ, పిక్క. చీలమండ వంగకపోతే ఆ పని మోకాలి మీద పడుతుంది. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో యువ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళను ఏడాది పాటు గమనిస్తే, చీలమండ 36.5 డిగ్రీల కంటే తక్కువ వంగేవాళ్ళకు ఈ జబ్బు ముప్పు ఎక్కువగా కనిపించింది. కొలవడం తేలిక: గోడ ముందు పాదం పెట్టి, మడమ లేపకుండా మోకాలు గోడకు తాకించాలి. బొటనవేలికీ గోడకూ మధ్య దూరం సుమారు 10 సెంటీమీటర్లు వస్తే ఫర్వాలేదు. రెండు కాళ్ళకూ కొలిచి రాసుకోండి. గతంలో ఎప్పుడో చీలమండ బెణికి సరిగా మానని కాలే తర్వాత మోకాలి నొప్పితో వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

నొప్పిని రోజూ ఒకే కొలబద్దతో కొలవడానికి ఒంటికాలి డిక్లైన్ స్క్వాట్ మంచిది. 25 డిగ్రీల వాలు పలక మీద, మడమ ఎత్తులో, వేళ్ళు పల్లంలో ఉండేలా నిలబడి, వీపు నిటారుగా ఉంచి మెల్లగా వంగాలి. వాలు వల్ల పిక్క సాయం తగ్గి భారం టెండన్ మీదికి వస్తుంది. నొప్పి 10కి ఎంతో, ఏ కోణం దగ్గర మొదలైందో రాసుకోవాలి. రోజూ పొద్దున ఒకే సమయంలో చెయ్యాలి. నిన్నటి సాధన ఎక్కువైందా, సరిపోయిందా అన్నది ఇవాళ్టి అంకె చెబుతుంది. 3 దాకా ఉండి, మర్నాటికి పెరగకపోతే అదే భారంతో కొనసాగొచ్చు. మర్నాటికి పెరిగితే తగ్గించాలి. స్కానింగ్ చూసి ఈ నిర్ణయం తీసుకోకండి. ఏ నొప్పీ లేని ఆటగాళ్ళ టెండన్లలో కూడా అల్ట్రాసౌండ్‌లో నల్లని మచ్చలు కనిపిస్తాయి, నొప్పి పూర్తిగా పోయినా ఆ మచ్చలు అలాగే ఉండొచ్చు.

పూర్తి విశ్రాంతి ఇస్తే? నొప్పి తగ్గుతుంది, నిజమే. దాంతోపాటు టెండన్ మోయగల భారం కూడా తగ్గుతుంది. ఆరు వారాలు పడుకుని లేచిన ఆటగాడు మొదటి వారమే మళ్ళీ నొప్పితో మోకాలు పట్టుకోవడానికి కారణం ఇదే. చెయ్యాల్సింది భారాన్ని ఆపడం కాదు, టెండన్ మోయగలిగేంతకు దించి, అక్కడి నుంచి మెట్టు మెట్టుగా ఎక్కించడం. 2021లో వచ్చిన ఒక ప్రయోగంలో ఇలా దశలవారీగా భారం పెంచిన ఆటగాళ్ళు, నొప్పిని భరిస్తూ కేవలం కిందికి వంగే వ్యాయామాలే చేసినవాళ్ళ కంటే 24 వారాల తర్వాత మెరుగ్గా ఉన్నారు.

మొదటి దశ, కదలకుండా పట్టడం. లెగ్ ఎక్స్‌టెన్షన్ యంత్రం (కూర్చుని కాలు చాచేది) మీద మోకాలు 60 డిగ్రీలు వంచి, తన గరిష్ఠ బలంలో సుమారు 70 శాతం భారాన్ని 45 సెకన్లు పట్టి ఉంచాలి. ఇలా 5 సార్లు, మధ్యలో 2 నిమిషాల విరామం. ఇక్కడ సాధారణంగా జరిగే తప్పు బరువు మరీ తక్కువ పెట్టడం. 45 సెకన్లు అయ్యేసరికి తొడ వణకకపోతే ఆ బరువు చాలనట్టే. యంత్రం లేకపోతే, ముందున్న స్తంభానికి కట్టిన గట్టి బెల్టును మోకాళ్ళ వెనక వేసుకుని వెనక్కి వాలి పట్టే స్పానిష్ స్క్వాట్ పనికొస్తుంది. గోడకు ఆనుకుని కూర్చోవడం దీనికి పూర్తి బదులు కాదు, ఒంటికాలితో చేస్తే తప్ప భారం చాలదు.

రెండో దశ, బరువుగా, మెల్లగా. దీనికి హెవీ స్లో రెసిస్టెన్స్ అని పేరు. లెగ్ ప్రెస్ (యంత్రం మీద కాళ్ళతో బరువు నెట్టడం), స్క్వాట్, హ్యాక్ స్క్వాట్ (యంత్రానికి వీపు ఆనించి చేసే స్క్వాట్) ఒక్కోటి 4 సెట్లు, వారానికి 3 రోజులు. దిగడానికి 3 సెకన్లు, లేవడానికి 3 సెకన్లు. మొదటి వారం 15 రెప్స్ (ఆగకుండా వరుసగా చేసే సార్లు) మాత్రమే చేయగల బరువుతో మొదలుపెట్టి, 12 వారాల్లో 6 రెప్స్ మాత్రమే చేయగల బరువుకు చేరాలి. 2009లో ఈ పద్ధతినీ స్టెరాయిడ్ సూదినీ పోల్చి చూసిన అధ్యయనంలో సూది వేసుకున్నవాళ్ళకు తొలి వారాల్లో బాగానే ఉంది, ఆరు నెలలకు ఆ లాభం నిలవలేదు. వ్యాయామం చేసినవాళ్ళకు నిలిచింది. టెండన్‌కు సూది వేయించుకునే ముందు ఆ ఆరు నెలల సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఈ దశలో 6 సెకన్ల లెక్కను ఆటగాళ్ళు తొందరగా మింగేస్తారు. బరువు పెరిగేకొద్దీ వేగంగా దిగి, అడుగున ఎగిరిపడి లేస్తారు. ఆ ఎగిరిపడటంలోనే స్ప్రింగ్ పని మొదలవుతుంది, అది మూడో దశ పని. మెట్రోనోమ్ (టిక్ టిక్ మని లెక్క కొట్టే పరికరం) పెట్టుకోవడం చాదస్తంగా అనిపించినా పెట్టుకోండి.

మూడో దశకు ఎప్పుడు వెళ్ళాలి? ఒంటికాలి లెగ్ ప్రెస్‌లో శరీర బరువుకు దాదాపు ఒకటిన్నర రెట్లతో, అంటే 70 కిలోల మనిషి 105 కిలోలతో, 8 రెప్స్ చొప్పున 4 సెట్లు చేయగలగాలి. అప్పుడు రెండు కాళ్ళ మీద చిన్న గెంతులు, తర్వాత ఒంటికాలి గెంతులు, తర్వాత పరిగెత్తి ఆగడం, చివర్న ఆగి ఎగరడం. ఈ వరుస తారుమారు కాకూడదు. తేలికగా ఉండే తిన్నని పరుగును ముందే కలపొచ్చు, ఆగి ఎగరడాన్ని మాత్రం ఆఖరుకే ఉంచాలి. గెంతుల రోజులను మూడు రోజులకు ఒకటి చొప్పున పెట్టాలి. గట్టి భారం పడిన తర్వాత మొదటి ఒకటి, ఒకటిన్నర రోజులు టెండన్‌లో కొలాజెన్ కరిగేదే ఎక్కువ. కొత్తది పేరుకునేది ఆ తర్వాత. రోజూ గెంతితే కరుగుతూనే ఉంటుంది.

దిగడం మళ్ళీ నేర్పాల్సింది కూడా ఈ దశలోనే. 20 సెంటీమీటర్ల పెట్టె మీద నుంచి మొదలుపెట్టి, ముందరి పాదం మీద దిగి, మడమ ఆనించి, చీలమండ, మోకాలు, తుంటి మూడూ ఒకేసారి వంగేలా. అద్దం ముందు కాదు, పక్కనుంచి తీసిన వీడియోతో సరిదిద్దాలి. మోకాళ్ళు లోపలికి కూలడం ముందునుంచి కనిపిస్తుంది, బిరుసుగా దిగడం పక్కనుంచే కనిపిస్తుంది. నొప్పి పోయినా బిరుసుగా దిగే అలవాటు మిగిలిపోతుంది. అది దానంతటదే పోదు.

మిగతా టెండన్ల గురించి క్లుప్తంగా. చిప్ప పైన నొప్పి ఉంటే క్వాడ్రిసెప్స్ టెండన్. లోతు స్క్వాట్లు వేసే వెయిట్‌లిఫ్టర్లలో కనిపిస్తుంది, వంగి అడుగున కూర్చున్నప్పుడు ఎక్కువ. మోకాలి వెనక రెండు పక్కలా చేతికి తగిలేవి హ్యామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరాల, టెండన్లు. ఇవి దెబ్బతింటే స్ప్రింట్‌లో కాలు ముందుకు చాచి నేలకు తెచ్చే ముందు బ్రేకు పడదు, అడుగు పొట్టి అవుతుంది. మోకాలి బయటి వెనక మూలన ఉండే పాప్లిటియస్ కండరం చిన్నదే, కానీ చాచి తాళం పడిన మోకాలిని తెరిచేది అదే. దానికి దెబ్బ తగిలితే దిగువకు పరిగెత్తడం కష్టమవుతుంది. ఏసీఎల్ (మోకాలి కీలు లోపలి లిగమెంట్) ఆపరేషన్‌కు పటెల్లార్ టెండన్ మధ్య మూడో వంతు తీసి వాడినవాళ్ళకు మోకాళ్ళ మీద కూర్చుంటే ముందువైపు నొప్పి, హ్యామ్‌స్ట్రింగ్ టెండన్ తీసినవాళ్ళకు మడమను పిరుదుకు తాకించే చివరి కోణాల్లో బలహీనత మిగలొచ్చు. లిగమెంట్ ఆపరేషన్ తర్వాత టెండన్‌కు కూడా విడిగా వ్యాయామం కావాలనేది ఇందుకే.

పూర్తిగా తెగడం వేరే కథ. ఎవరూ తగలకుండానే ‘ఫట్’ మన్న శబ్దం, కూలిపోవడం, పడుకుని కాలు తిన్నగా పైకెత్తమంటే ఎత్తలేకపోవడం. పటెల్లార్ టెండన్ తెగితే చిప్ప పైకి జరుగుతుంది, క్వాడ్రిసెప్స్ టెండన్ తెగితే కిందికి. మొదటిది ఎక్కువగా నలభై లోపువాళ్ళలో, రెండోది నలభై దాటినవాళ్ళలో. కాలు ఎత్తలేకపోతే నడిపించకుండా, మోకాలు చాచి కట్టి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కుట్టు ఆపరేషన్ మొదటి రెండు మూడు వారాల్లోపు అయితే సులువు. ఆలస్యమైతే తొడ కండరం టెండన్‌ను పైకి లాక్కుని కుంచించుకుపోతుంది, రెండు కొసలూ కలపడమే కష్టం. స్టెరాయిడ్లు, ఫ్లోరోక్వినలోన్ రకం యాంటీబయాటిక్స్, మధుమేహం, దీర్ఘకాల కిడ్నీ జబ్బు టెండన్ తెగే ముప్పును పెంచుతాయి. మందుల చీటీ రాసే డాక్టరుకు తాను క్రీడాకారుడినని చెప్పడం మర్చిపోకూడదు.

ఫుట్‌బాల్‌లో బ్రెజిల్ ఆటగాడు రొనాల్డో సంగతి అందరికీ తెలిసిందే. 1999 నవంబరులో ఇంటర్ మిలాన్‌కు ఆడుతూ కుడి మోకాలి టెండన్ చిరిగి ఆపరేషన్ చేయించుకున్నాడు. 2000 ఏప్రిల్ 12న ఇటలీ కప్ ఫైనల్‌లో లాజియో మీద మైదానంలోకి దిగిన కొద్ది నిమిషాలకే, బంతితో డ్రిబుల్ చేస్తూ, ఎవరూ తాకకుండానే ఆ టెండన్ పూర్తిగా తెగింది. మొదటి ఆపరేషన్‌కూ ఆ మ్యాచ్‌కూ మధ్య ఐదు నెలలు కూడా లేవు. రెండోసారి ఏడాదికి పైగా పట్టింది. తర్వాత 2002 ప్రపంచ కప్‌లో 8 గోల్స్ కొట్టాడు, ఫైనల్‌లో రెండు.

సీజన్ మధ్యలో ఉన్నవాళ్ళకు ఒక మాట. మూడు నెలలు ఆట మానే వీలు లేకపోతే, వారంలో ఎగిరే లెక్క తగ్గించండి: సాధనలో స్పైకులు, బ్లాకులు లెక్కపెట్టి సగానికి దించండి, మ్యాచ్‌లు ఉంచండి. మ్యాచ్‌కు ముందు వార్మప్‌లో 45 సెకన్ల పట్టు 5 సార్లు. చిప్ప కింద కట్టే పట్టీ కొందరికి ఆ రోజుకు నొప్పి తగ్గిస్తుంది, వాడుకోవచ్చు. తొడ ముందు కండరాన్ని గట్టిగా లాగి సాగదీసే స్ట్రెచ్‌లు మాత్రం మానండి, మోకాలు పూర్తిగా మడిచి లాగితే దెబ్బతిన్న పోగులు చిప్ప కొసకు నొక్కుకుంటాయి. ఫోమ్ రోలర్ తొడ మీద వాడండి, టెండన్ మీద కాదు. వారానికి కనీసం రెండు రోజులు బరువు వ్యాయామం వదలకండి, మ్యాచ్‌కు ముందు రోజు తప్ప.